తప్పులకొక ఆవర్జా

మిర్యాలగూడలోని ఒక బియ్యపు మిల్లు గోదాములో మార్చి 31వ తేదీ సాయంకాలమునకు 20,000 క్వింటాళ్ల వడ్లు నిలువయున్నవనుకొందము. అందులో 14,000 క్వింటాళ్లు పౌరసరఫరాల సంస్థ మరపట్టి బియ్యము చేసి ఇమ్మని అప్పగించినవి; తక్కిన 6,000 క్వింటాళ్లు మిల్లు యజమాని రైతులవద్ద క్వింటాలు 2,400 రూపాయల చొప్పున కొన్నవి. లారీ కిరాయి, హమాలీ కలిసి క్వింటాలునకు 60 రూపాయలైనవి. ఆనాటికి బజారులో వడ్ల ధర 2,300కు దిగినది గాని, ఆ వడ్లనుండి వచ్చు బియ్యము మాత్రము పెట్టిన ఖర్చునకు తగ్గకుండ అమ్ముడుపోవునని తెలియుచునే యున్నది. ఇక ఆస్తి అప్పుల పట్టీలో ఆ మిల్లు చూపవలసిన వడ్ల నిలువ విలువ ఎంత?

ఈ లెక్కను ఒక ఆదివారము ఉదయమున, సూర్యాపేటలోని నా ఆడిట్ కార్యాలయమునకు వచ్చిన ఒక విద్యార్థిని ముందర ఉంచితిని. ఆమెది మిర్యాలగూడ, తండ్రి మిల్లులో గుమాస్తా, ఉడికిన వడ్ల వాసనను ఊపిరితోపాటు పీల్చి పెరిగిన పిల్ల. సి.ఏ. ఇంటర్మీడియెట్ మొదటి గ్రూపు రెండుమార్లు వ్రాసి, రెండుమార్లును మొత్తము మార్కుల దగ్గర ఆగిపోయినది. పావుగంట గడవకముందే లెక్క ముగించి, 20,000ను 2,300తో హెచ్చించి, 4,60,00,000 రూపాయలని వ్రాసి, కింద రెండు గీతలు గీచి నాకు చూపినది. జవాబు కాగితము తిరుగవేసి చూడగా అందు 1,47,60,000 అని యున్నది. "అయ్యో, సిల్లీ మిస్టేక్ సార్" అని నాలుక కరచుకొని, ఎర్ర కలముతో సరియైన అంకెను ప్రక్కన వ్రాసికొని, పేజీ త్రిప్పబోయినది. ఆ త్రిప్పబోయిన చేతిని గురించియే ఈ వ్యాసము.

ఆమె వ్రాసిన అంకెకును జవాబునకును నడుమ భేదము 3,12,40,000 రూపాయలు. చూచుటకు అది ఒక్క తప్పు. విప్పి చూచినచో మూడు. మొదటిది, 14,000 క్వింటాళ్లు మిల్లువి కానే కావు. సర్కారు వడ్లు తెచ్చుకొన్న మిల్లరు క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైనచో 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైనచో 68 కిలోలు తిరిగి అప్పగింపవలసినవాడేగాని ఆ వడ్లకు సొంతదారు కాడు; గోదాము అతనిది, తాళము అతనిది, సొత్తు మాత్రము పరులది. ఈ ఒక్క పొరపాటువలన నిలువ 3,22,00,000 రూపాయలు పెరిగినది. రెండవది, సరకును ఇప్పుడున్న చోటికి, ఇప్పుడున్న స్థితికి తెచ్చుటకైన లారీ కిరాయియు హమాలీయు కొనుగోలు ఖర్చులోనే చేరవలసియుండగా ఆమె రఫ్ వర్కులో ఖర్చు 2,400 అని మాత్రమే యున్నది. మూడవది అన్నిటికంటె లోతైనది. ఖర్చు, మార్కెట్ ధర అను రెండింటిలో ఏది తక్కువయో అది అను సగము సూత్రమును ఆమె కంఠస్థము చేసినదిగాని, ముడిసరకు విషయమున దానినుండి తయారగు వస్తువు ఖర్చునకు తగ్గకుండ అమ్ముడగునప్పుడు ముడిసరకు విలువను తగ్గింపనక్కరలేదని రెండవ అకౌంటింగ్ స్టాండర్డు చెప్పిన మాటను విడిచినది. ఈ చివరి రెండు తప్పులవలన నిలువ 9,60,000 తగ్గినది. పెరిగినది ఒకవైపు, తగ్గినది మరియొకవైపు. అడుగున కనబడునది మిగిలిన భేదము మాత్రమే.

మూడు తప్పులకును మూడు వేర్వేరు మందులు కావలెను. ఒకటి చదువునప్పటి చూపుదోషము, ఒకటి మరపు, ఒకటి అరకొర జ్ఞానము. అన్నిటికిని కలిపి "సిల్లీ మిస్టేక్" అని పేరు పెట్టుట, పెద్ద పెద్ద మొత్తములను "ఇతర ఖర్చులు" అను పద్దుకింద తోసివేయు వ్యాపారి పనివంటిది. ఆ పద్దు పెరిగిన చోటనే ఆడిటరు మొదట కలము ఆపును.

చింపిన కాగితములు

1949 నాటి చట్టముచేత ఆ యేటి జులై 1వ తేదీన ఏర్పడిన చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ నడుపు ఈ పరీక్షలు కఠినములని లోకమెరుగును. ఆ కాఠిన్యమెక్కడ దాగియున్నదో తెలిసినవారు మాత్రము తక్కువ. ప్రతి పేపరులో నూటికి 40, గ్రూపు మొత్తము మీద నూటికి 50 రావలెనని నియమము. ఇంటర్మీడియెట్ గ్రూపునకు మూడు పేపర్లు గనుక, మూడింటిలోను నలుబదేసి తెచ్చుకొన్నవాడు 120 మార్కులతో గుమ్మమువెలుపలనే నిలుచును. లోపలికి పోవుటకు 150 కావలెను. ఆ నడిమి 30 మార్కులే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అను ఈ మూడు ఊళ్ల పిల్లలలో ఎందరినో ఏండ్లతరబడి ఆపుచున్నవి. ఏమియు తెలియనివాడు 40 దగ్గర ఆగును, తెలిసియు తన తప్పు తానెరుగనివాడు 48 దగ్గర ఆగును. వీరిలో రెండవవాని దుఃఖమే పెద్దది.

దీనికి తోడు, 2023 జులై 1నుండి అమలైన నూతన విద్యాపద్ధతిలో, 2024 మే నుండి, ఇంటర్మీడియెట్లోను ఫైనల్లోను నూటికి 30 వంతు మార్కులు ఒక వృత్తాంతమును చదివి సరియైన జవాబును గుర్తించు ప్రశ్నలకు కేటాయింపబడినవి. ఒక కంపెనీ కథ చెప్పెదరు. ఆ కథలో అక్కరకు వచ్చు అంకె ఒకటి, రానివి నాలుగు. అడుగు ప్రశ్న కథ చివరనుండును. వీనినే పిల్లలు "కేసులు" అందురు. కేసులు చేయుటయందు ఎవ్వరికిని కొదువ లేదు. సంస్థవారు స్టడీ మెటీరియల్, రివిజన్ టెస్ట్ పేపర్లు, మాక్ టెస్ట్ పేపర్లు, సజెస్టెడ్ ఆన్సర్లు అంతర్జాలమున ఉచితముగా ఉంచుచున్నారు. కోదాడలో కూర్చున్న పిల్లవానికిని ఢిల్లీలో కూర్చున్న పిల్లవానికిని దొరకు కేసులొక్కటే. చేసిన కేసును తిరిగి చూచుటలోనే వారిరువురకు భేదము పుట్టుచున్నది.

ఈ మాట పైనుండి చెప్పుచున్నానని తలపవలదు. 1990ల నడుమ నేనును ఇదే పరీక్ష మూడుమార్లు తప్పినవాడను. ఆనాడు సూర్యాపేటనుండి హైదరాబాదుకు పోవలెనన్న బస్సే గతి; ఈనాటికిని సూర్యాపేటకు గాని కోదాడకు గాని రైలు లేదు. ఆ 135 కిలోమీటర్ల దారిలో మోకాళ్లపై పుస్తకము పెట్టుకొని కేసులు చేసితిని. జవాబు కుదిరినచో టిక్కు పెట్టితిని, కుదరనిచో ఆ కాగితము చింపి కిటికీలోనుండి విడిచి, సరియైన జవాబును కొత్త కాగితముపై అందముగా ఎత్తి వ్రాసికొంటిని. మూడవమారు తప్పిన పిమ్మట, నేను ఆర్టికల్స్, అనగా సి.ఏ. శిక్షణ, చేయుచుండిన ఆఫీసు ప్రిన్సిపాలుగారు ఆ నోటుపుస్తకమును తెమ్మని, నూరు పుటలును మెల్లగా త్రిప్పిరి.

"వంద కేసులు చేసినవు, అన్నిటికి టిక్కులే ఉన్నయి. మరి తప్పులేడ పోయినయ్?"

"చింపేసిన సార్."

ఆయన కోపపడలేదు. లేచి బీరువాలోనుండి ఒక అడ్తిదారుని పాత చిట్టాను తీసి నా ముందర తెరచిరి. ఎర్రగుడ్డ అట్ట, పొడుగు కాగితములు, సిరా వెలిసిన పద్దులు. ఒకచోట 840 అని వ్రాసి, దానిపై ఒక్క గీత కొట్టి, పైన 480 అని వ్రాసి, ప్రక్కన పొట్టి సంతకము చేసియున్నది. "లెక్కల పుస్తకంల తుడుపుడు ఉండది, కొట్టేసుడే ఉంటది. పాత అంకె కనబడాలె. ఎందుకో తెలుసా? అంకెలు తారుమారు చేసుడు ఈ గుమాస్తాకు అలవాటు. ఇట్లాంటివి ఇంకా ఏడేడ ఉన్నయో ఎతకనీకె ఇదే జాడ. నువ్వు జాడ చింపేసినవు." పరీక్షకు చదువుట యనగా నేమో నాకు తెలిసినది ఆ దినముననే యని నేటికిని అనుకొందును.

చిట్టానుండి ఆవర్జాకు

తెలుగు మాధ్యమమున ఇంటర్మీడియెట్ కామర్సు చదివినవారికి చిట్టా, ఆవర్జా, అంకణా, అనామతు అను మాటలు చిన్ననాటి స్నేహితులు. ఏనాటి వ్యవహారమును ఆనాడు వరుసగా వ్రాసికొనునది చిట్టా. ఆ వ్యవహారములనే పద్దుల వారీగా ఎత్తి, ఎవరి ఖాతాలో వారివి చేర్చునది ఆవర్జా. చిట్టా ఎంత శ్రద్ధగా వ్రాసినను, అందులో నిలుచుండి ఫలానావారు మనకు ఎంత బాకీయో చెప్పజాలము. ఆవర్జాకెక్కినప్పుడే బాకీ తేలును. ఇంత చదివిన కామర్సు విద్యార్థి తన తప్పుల విషయమున మాత్రము చిట్టా దగ్గరనే ఆగిపోవుచున్నాడు. సోమవారము ఇన్వెంటరీ కేసులో తప్పు, బుధవారము రెవెన్యూ కేసులో తప్పు, శనివారము జి.ఎస్.టి. కేసులో తప్పు అని తేదీలవారీగా గుర్తుపెట్టుకొనుచున్నాడు. ఆ మూడింటి వెనుక ఉన్న తప్పు ఒక్కటేనేమో యని చూచుటకు అతనికి ఆవర్జా లేదు.

మరల మా విద్యార్థినియొద్దకు వత్తము. మిల్లు కేసులోని మూడు తప్పులకును మూడు పుటలు తెరిపించితిని. మొదటి పుటపై ఖాతా పేరు ఆమెయే పెట్టినది: "సొత్తు ఎవరిది?" రెండవదానికి "ఖర్చులో చేరునా?" అనియు, మూడవదానికి "సగము సూత్రము" అనియు పేర్లు. వారము తిరుగునప్పటికి ఇంకొక కేసు వచ్చినది. సూర్యాపేట వ్యవసాయ మార్కెట్ యార్డులో దడువాయి తూచిన బస్తాల బరువు, పలికిన ధర, మొత్తము సొమ్ము, కోతలు, రైతునకు ముట్టవలసినది అన్నియు వ్రాసి చేతికిచ్చు తక్‌పట్టీని ఈ ప్రాంతమున ఎరుగనివారు లేరు. ఒక అడ్తిదారుడు సంవత్సరములో 8 కోట్ల రూపాయల సరకునకు తక్‌పట్టీలు వ్రాసి, దానిపై నూటికి 2 వంతున కమీషను తీసికొనెననుకొందము. అతని రాబడి ఎంత? ఆమె 8 కోట్లని వ్రాసినది. జవాబు 16 లక్షలు. ఏజెంటునకు రాబడి కమీషనేగాని చేతిమీదుగా పోయిన సొమ్మంతయు కాదని తొమ్మిదవ స్టాండర్డు చెప్పుచున్నది.

ఈసారి ఆమె "సిల్లీ" అనలేదు. కొంతసేపు కాగితమువంక చూచి, ఆవర్జాలో కొత్త పుట తెరువబోయి, ఆగి, వెనుకకు త్రిప్పి, "సార్, ఇది గూడ గా వడ్లదే కదా" అన్నది. పాఠ్యపుస్తకములో ఒకటి నిలువల అధ్యాయము, మరియొకటి రాబడి అధ్యాయము. స్టాండర్డులు వేరు, పేపరులో ప్రశ్నలు వేరు. ఆమె తప్పు మాత్రము ఒక్కటే: చేతిలో నున్నదెల్ల తనదే యనుకొనుట. మార్కెట్ యార్డు తక్‌పట్టీయు మిర్యాలగూడ గోదామును ఒకే ఖాతాకెక్కిన ఆ క్షణమున ఆమె నేర్చుకొన్నది, మరి యిరువది కేసులు చేసినను వచ్చెడిది కాదని నా అభిప్రాయము.

ఖాతాల పేర్లు ఎవరికి వారే పెట్టుకొనవలెను. ఒకరి ఆవర్జా మరియొకరికి పనికిరాదు. అయినను ఈ మూడు ఊళ్ల పిల్లలందరికిని ఉండితీరవలసిన ఖాతా ఒకటి కలదు, దాని పేరు ఇంగ్లీషు. ఈ పరీక్షలను ఆంగ్లమున గాని హిందీలో గాని వ్రాయవలెనే తప్ప తెలుగున వ్రాయుటకు వీలు లేదు. సర్కారు బడిలో తెలుగున చదివివచ్చిన పిల్లలు లెక్కలో తప్పుట అరుదు, "అన్‌లెస్" అనుచోటను "ప్రొవైడెడ్ దట్" అనుచోటను తప్పుట మెండు. "నాట్ లెస్ దాన్" అనగా తక్కువ కాకుండ అని తెలిసియు, తొందరలో ఎక్కువ కాకుండ అని చదివి లెక్కంతయు బోర్లించినవారిని చూచితిని. వారు ఆ తప్పును అకౌంట్స్ పద్దులో వ్రాసికొని అకౌంట్సు మరల చదివెదరు, రోగమొకచోట, మందొకచోట. కేసును తిరిగి చూచునప్పుడు తన తప్పు జరిగిన వాక్యము క్రింద గీత గీచి, ఆ వాక్యమును తెలుగున వ్రాసి చూచుకొనుట రెండు నిమిషముల పని.

కారణము తెలియని తప్పులుండును. వానిని ఊహించి ఏదో ఒక పద్దులో తోయక, మన పెద్దలు చేసినట్లే అనామతు ఖాతాలో వేసి ఉంచవలెను. అనామతు అనగా అసలు చోటు తెలియువరకు ఆపి ఉంచినది. ఆదివారమునాడు తెలిసినవారినడిగి ఆ ఖాతాను ఖాళీ చేసికొనవలెను. అనామతు నిలువ పెరుగుచున్న పుస్తకమును ఏ ఆడిటరును నమ్మడు.

ఇంక ఖాతా మూయుట ఎప్పుడు? తప్పు తెలిసిన దినమున మూయరాదు. మూడు దినములు గడచిన తరువాత అదే కేసును జవాబు చూడకుండ తెల్లకాగితముపై మొదటినుండి చేయవలెను. పదిదినములు గడచిన తరువాత ఆ తప్పునకే అవకాశమున్న వేరొక కేసును ఎత్తుకొనవలెను. రెంటిలోను ఆ తప్పు తలయెత్తనిచో ఖాతాకు అడ్డగీత కొట్టవచ్చును. నా లెక్కలో గంట కేసునకు గంటన్నర పునర్విమర్శ తక్కువ కాదు. ఈ మాట వినగానే పిల్లలు ముఖము చిట్లించెదరు. దినమునకు పది కేసులు చేయువారు నాలుగింటికి దిగవలసి వచ్చునుగదా. దిగుటయే మేలు.

కుదిరిన అంకణాలోని మోసము

ఆవర్జాలోని పద్దుల నిలువలను ఇరువైపుల కూడి సరిచూచు అంకణా కుదిరినంతమాత్రమున పుస్తకములలో తప్పులు లేవనుకొనరాదని మొదటి సంవత్సరపు విద్యార్థికిని తెలియును. రెండు తప్పులు ఒకదానినొకటి సరిపెట్టుకొన్నచో అంకణా చక్కగా కుదురును. అభ్యాసపు కేసులలో దీనికి సాటియైనది, తప్పుదారిన పోయి సరియైన జవాబునకు చేరుట. బియ్యముపై జి.ఎస్.టి. ప్రశ్నను చూడుడు. 50 కిలోల బస్తాలలో అమ్మిన బియ్యముపై పన్ను ఎంత? లేదు అని గుర్తించిన విద్యార్థికి పూర్తి మార్కులు. ఎందుకు లేదని అడిగితిని. "బియ్యం మీద జి.ఎస్.టి. ఉండది కద సార్" అన్నాడు. కాదు. 2022 జులై 18నుండి ముందుగా మూటగట్టి పేరు చీటీ అంటించి అమ్ము బియ్యముపై నూటికి 5 వంతు పన్ను వచ్చినది. అది 25 కిలోలకు మించని మూటలకే గనుక 50 కిలోల బస్తా తప్పించుకొన్నది. ఆ ఏడు మొదలుకొని 26 కిలోల సంచులు దుకాణములలో ఎందుకు వెలసినవో ఆ పిల్లవాడు ఒక్కమారు యోచించియున్నచో చాలును. పరీక్షలో 10 కిలోల సంచి అడిగినచో అతని జవాబు కూలును. కావున టిక్కు పడిన కేసులను సయితము తిరిగి చూడవలెను; జవాబు ప్రక్కన కారణమును ఒక్క వాక్యమున వ్రాసి, ఆ కారణమును సజెస్టెడ్ ఆన్సరుతో పోల్చవలెను.

పునర్విమర్శ యనగా జవాబును మరల మరల చదువుటయని భ్రమించువారు చాలమంది. 2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరపు వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన రోడిగర్, కార్పికె అను మనస్తత్వశాస్త్రజ్ఞులిరువురు ఒక పాఠమును విద్యార్థులలో కొందరిచేత తిరిగి చదివించి, కొందరిచేత చూడకుండ వ్రాయించి పరీక్షించిరి. అయిదు నిమిషముల తరువాత అడిగినపుడు మరల చదివినవారిదే పైచేయి. వారము దినముల తరువాత అడిగినపుడు చూడకుండ వ్రాసినవారిదే. మరల చదువుట వచ్చినదన్న భావమును మాత్రమిచ్చును. పరీక్షకు పూర్వరాత్రి ఆ భావము తియ్యగా నుండును.

ఆడిటింగు పేపరు విషయమున పునర్విమర్శ మరియొక తీరున సాగవలెను, అచ్చట అంకెలు లేవుగనుక. బ్యాంకు నిలువలను ఎట్లు సరిచూడవలెనన్న కేసునకు "బ్యాంకునుండి ధ్రువీకరణ పత్రము పొందవలెను" అని వ్రాసి, నాలుగు మార్కులకు ఒకటిన్నర తెచ్చుకొన్న విద్యార్థి, "రాసిన కద సార్, మార్కులెందుకు కోసిండ్రు" అని వాపోవును. పొందవలెను సరే, ఉత్తరము పంపినదెవరు, జవాబు వచ్చినదెవరి చేతికి? ధ్రువీకరణ కోరు ఉత్తరములు ఆడిటరు స్వాధీనములోనే ఉండవలెనని 505వ ఆడిటింగ్ స్టాండర్డు చెప్పినది. ఈ ఒక్క వాక్యము ఎందుకు అవసరమో తెలియుటకు తెలుగువారు దూరము పోనక్కరలేదు. 2009 జనవరి 7వ తేదీన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ అధ్యక్షుడు రామలింగరాజు హైదరాబాదునుండి వ్రాసిన లేఖలో, పుస్తకములలో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిలువలలో 5,040 కోట్లు లేనివేయని ఒప్పుకొనెను. ఆ లేని సొమ్ముపై 376 కోట్ల వడ్డీ కూడ లెక్కలో చూపబడినది. బ్యాంకు ధ్రువీకరణలు ఆడిటర్ల చేతినుండి జారి కంపెనీ చేతికి పోయినవని 2011లో అమెరికా సెక్యూరిటీస్ కమిషను నిర్ధారించి, ప్రైస్ వాటర్‌హౌస్ భారతీయ అనుబంధ సంస్థలపై 60 లక్షల డాలర్ల జరిమానా విధించినది. పోయిన రెండున్నర మార్కుల వెనుక ఇంత కథయున్నదని తెలిసిన విద్యార్థి ఆ వాక్యమును మరచుట కల్ల. సిద్ధాంతముల కేసును తిరిగి చూచునప్పుడు, మార్కు పోయిన ప్రతి మాటకును "ఇది లేకున్న ఏమగును?" అను ప్రశ్న వేసికొనుటయే పద్ధతి.

ఫైనల్ ఆరవ పేపరునకు పుస్తకములు లోపలికి తీసికొనిపోనిత్తురు. నాలుగు గంటల సమయము. తెరచిన పుస్తకముతో వ్రాయు పరీక్ష తేలికయని తలచి సంచి నిండ పుస్తకములు మోసికొనిపోయినవారు, ఏ మాట ఏ పుటలోనున్నదో వెదకుటతోనే కాలము గడపుదురు. అక్కడికి తీసికొనిపోదగిన వానిలో మొదటిది ఆవర్జాయే.

చూచు కన్ను కావలెను

సూర్యాపేట ప్రక్కనున్న పిల్లలమర్రిలో కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు కట్టించిన ఆలయములున్నవి. ఎవరు, ఏ దేవునకు, ఎంత భూమి ఇచ్చిరో అచ్చటి శాసనములు ఎనిమిది వందల ఏండ్లుగా లెక్క చెప్పుచున్నవి. రాతిపై వ్రాసిన పద్దునకు సవరణ లేదు. కాగితముపై వ్రాసిన మనకు ఉన్నది. సవరణ చూపువారే కరవు.

నాగార్జునసాగర్ ఎడమకాలువ నీరు పారిన నాటినుండి ఈ ప్రాంతమున వడ్లు పండినవి, మిల్లులు పెరిగినవి, హుజూర్‌నగర్ చుట్టును సున్నపురాతి గనులవలన సిమెంటు కర్మాగారములు వచ్చినవి. ఊక, తవుడు, నూక అని మిల్లులో రాలునదెల్ల ఉపోత్పత్తుల లెక్కకు ఒక కేసే. గనినుండి బస్తావరకు సిమెంటు నడచు దారియంతయు ప్రాసెస్ కాస్టింగే. కేసులు వీధిలో దొరకు ఊళ్లివి. కోచింగు కావలసినవారు హైదరాబాదునకో విజయవాడకో పోవుచున్నారు, పోలేనివారు ఫోనులో పాఠములు వినుచున్నారు. ఫోను పాఠము చెప్పును గాని, నీవు వ్రాసిన కాగితమును చూచి, ఇచ్చట నీ చేయి తడబడినదని చెప్పజాలదు.

దీనికి పిల్లలు తామే చేసికొనగల ఉపాయమొకటి కోదాడలో చూచితిని. ముగ్గురు మిత్రులు వారమునకొక పేపరును ఎవరింట వారు మూడు గంటల గడియారము పెట్టుకొని వ్రాసి, కాగితములు మార్చుకొని, ఒకరిది ఒకరు దిద్దెదరు. తన కాగితములో తానుద్దేశించినదే కనబడును. ఎదుటివాని కాగితములో వ్రాసినదే కనబడును. పరీక్ష దిద్దువానికిని కనబడునది వ్రాసినదే. ఇక ఫలితము వచ్చి తప్పినవారు, సంస్థకు దరఖాస్తు చేసికొని తమ జవాబు పత్రముల నకళ్లను తప్పక తెప్పించుకొనవలెను. తన జవాబు పత్రమును చూచుకొను హక్కు విద్యార్థికి కలదని సుప్రీంకోర్టు 2011 ఆగస్టు 9వ తేదీన ఆదిత్య బందోపాధ్యాయ కేసులో తీర్పు చెప్పినది. నా తరమునకు లేని భాగ్యమది. మేము మార్కుల కాగితము మాత్రమే చూచి, ఎక్కడ పడితిమో తెలియకనే లేచి మరల పరుగెత్తినవారము. ఇప్పటి పిల్లలు కొందరు ఆ నకలును రీకౌంటింగు కొరకు తప్ప తెరువరు. అంతకంటె మంచి అభ్యాసపు కేసు వారికి మరియెచ్చటను దొరకదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలోని నాతోడి ఆడిటర్లకు ఒక విన్నపము. రిటర్నుల గడువులు, ఆడిట్ రిపోర్టుల తేదీలు మీకును నాకును సమానమే. ఆదివారము ఒక్క గంట, ఇద్దరు పిల్లల కాగితములు, అంతే అడుగుచున్నాను. పాఠము చెప్పనక్కరలేదు, అనామతు ఖాతా ఖాళీ చేసి పంపినచో చాలును.

మా విద్యార్థిని సెప్టెంబరు పరీక్షకు సిద్ధమగుచున్నది. ఆమె ఆవర్జాలో ఇరువది మూడు ఖాతాలుండగా పదునెనిమిదింటికి అడ్డగీతలు పడినవి, "సొత్తు ఎవరిది?" అనునది ఇంకను మూయబడలేదు, పోయిన వారమే కన్సైన్‌మెంటు సరకు కేసులో మరల తలయెత్తినది. మా ఆఫీసు తలుపు ఆదివారము ఎనిమిది గంటలకు తెరచుదును. వచ్చువారు చింపని నోటుపుస్తకము తెచ్చుకొనవలెను.